అంగడికి ఇంటర్నెట్ ఫోన్: కొనే ముందు, పెట్టిన తర్వాత

[స్క్రీన్: అనంతపురం, సుభాష్ రోడ్డు. డ్రిప్పు పైపుల అంగడి, కౌంటర్ మీద మోగుతున్న ఫోన్]

వాయిస్: తొలకరి పడిందంటే ఇట్లాంటి అంగట్లో ఫోన్ ఆగదు. లైన్ ఒకటే అయితే రెండో రైతుకు ఎంగేజ్ టోనే. ఇంటర్నెట్ ఫోన్‌లో 08554 నంబర్ ఒకటే ఉన్నా, నాలుగు ఛానెల్స్ తీసుకుంటే నలుగురితో ఒకేసారి మాట్లాడొచ్చు. పదిమంది పనిచేసే అంగడికి మూడు నాలుగు చాలు.

ఒక్క ఫోనే కావాలంటే ఇంత హంగు వద్దు, ఫైబర్ మోడెమ్ వెనక ఫోన్ పోర్టు ఉంటే దాన్నే యాక్టివేట్ చేయించుకోండి. పది, పదిహేను ఫోన్ల దాకా క్లౌడ్ పీబీఎక్స్ మేలు. పీబీఎక్స్ అంటే వచ్చిన కాల్స్‌ను అంగట్లోని ఫోన్లకు పంచే ఎక్స్ఛేంజి; క్లౌడ్‌దైతే అది కంపెనీ దగ్గరే ఉంటుంది. అంతకు మించితే అంగట్లోనే సొంత ఐపీ పీబీఎక్స్, దానికి టెలికాం కంపెనీ నుంచి నెట్ మీద వచ్చే లైను, అంటే సిప్ ట్రంక్. నెట్‌లో కాల్ కలిపే పద్ధతినే సిప్ అంటారు. ఏదైనా సరే, లైసెన్సున్న టెలికాం కంపెనీ నంబరే తీసుకోండి.

పాత నంబర్ బిల్లుబుక్కుల మీద అచ్చయి ఉంటుంది. దాన్ని వెంటనే తీసేయించకుండా కొన్నాళ్లు కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టండి.

[గ్రాఫిక్: ఒక కాల్ = 87 కేబీపీఎస్]

మాటను డేటాగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.711 అనే కోడెక్‌లో ఒక కాల్‌కు పోను 87, రాను 87 కేబీపీఎస్, అంటే సెకనుకు అన్ని కిలోబిట్లు. నాలుగు కాల్స్‌కు అర ఎంబీపీఎస్ కూడా పట్టదు. స్పీడు చూసి ప్లాన్ కొనడం దండగ. సాయంత్రం రద్దీ వేళ పింగ్ పెట్టి, అంటే నెట్‌లోకి చిన్న సందేశాలు పంపి జవాబులు ఎట్లా వస్తున్నాయో చూడండి: దారిలో పోయే డేటా ముక్కలు, అంటే ప్యాకెట్ లాస్, 1 శాతం దాటకూడదు; అవి వచ్చే వేళల్లో తేడా, అంటే జిట్టర్, 30 మిల్లీసెకన్ల లోపుండాలి.

సీసీ కెమెరాలు క్లౌడ్‌కు వీడియో ఎక్కిస్తుంటే అప్‌లోడ్ నిండిపోతుంది. అప్పుడు మన మాట అవతల ముక్కలవుతుంది, వాళ్ల మాట మనకు శుభ్రంగా వినిపిస్తుంది. అందుకే ఎవరూ కెమెరాను అనుమానించరు! రూటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఆన్ చేసి, ఫోన్లకు ముందు దారి ఇవ్వండి.

[స్క్రీన్: రూటర్ సెట్టింగ్స్ పేజీ]

ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ పేజీలోనే ఉంటుంది. ఫోన్ మోగుతుంది, ఎత్తితే ఒకవైపే వినిపిస్తుంది. కాల్ మోగించే సందేశాలు ఒక దారిన, మాట వేరే పోర్టుల్లో, అంటే రూటర్‌లోని వేరే తలుపుల్లో, పోతాయి. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ సాయం చేయబోయి ఆ సందేశాల్లోని చిరునామాలు తారుమారు చేస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి. ప్రతి కాల్ 32 సెకన్లకే తెగిపోతుంటే, ఎత్తామన్న కబురుకు తిరుగు జవాబు అందలేదని అర్థం. అనుమానం మళ్లీ రూటర్ మీదే. మోడెమ్, రూటర్ రెండూ నాట్ చేస్తుంటే, అంటే రెండూ లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మారుస్తుంటే, మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి; అప్పుడు ఆ పని రూటర్ ఒక్కటే చేస్తుంది. పొద్దున మోగి, కాసేపటికి మోగడం మానేసిన ఫోన్‌కు కీప్-అలైవ్, అంటే దారి మూసుకోకుండా పంపే చిన్న సందేశం, 30 సెకన్లకోసారి పెట్టండి.

కరెంటు పోతే ఫోన్ కూడా పోతుంది. పీఓఈ స్విచ్ వాడితే ఫోన్లకు కరెంటు నెట్ కేబుల్‌లోనే వస్తుంది కాబట్టి మోడెమ్, రూటర్, స్విచ్ మూడింటికి ఒక్క యూపీఎస్ చాలు.

సొంత పీబీఎక్స్ పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ కూడా 101 పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. సిప్ కాల్స్ వచ్చే పోర్టు 5060ను నెట్‌కు తెరిచి వదిలేస్తే, దొంగ ప్రోగ్రాములు రాత్రికి రాత్రే విదేశాలకు కాల్స్ చేస్తాయి, బిల్లు మీకొస్తుంది. పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టండి, ఐఎస్‌డీ ఆపించండి.

[స్క్రీన్: ఐదు మొబైళ్లు]

చివరగా, అంగడి తెరిచే ముందు ఐదు మొబైళ్ల నుంచి అంగడి నంబర్‌కు ఒకేసారి చేయండి. ఛానెల్స్ నాలుగుంటే నాలుగు కాల్స్ మోగాలి. ఐదోదానికి ఎంగేజ్ వస్తుందా, వెయిటింగ్ మాట వస్తుందా చూసుకోండి. ఎత్తిన ప్రతి కాల్‌లో రెండు నిమిషాలన్నా మాట్లాడండి.