రెండో భాష గడిలో ఏం రాశాం?

బాబాయ్: ఎర్ర లైటు వెలిగింది. మొదలైనట్టేనా?

అమ్మాయి: మొదలైంది బాబాయ్. ఆ ఫ్యాను ఆపెయ్.

బాబాయ్: రోహిణి కార్తె తల్లీ! బెజవాడలో ఈ రోజుల్లో ఫ్యాను ఆపమనేదానివి నువ్వొక్కదానివే.

అమ్మాయి: ఓ అరగంటేగా. అందరికీ నమస్కారం అండీ. మొగల్రాజపురం మేడమీది గదిలోంచి మేమిద్దరమే. పెసరట్టు ఎపిసోడ్ విన్నవాళ్లకి ఈ గది సంగతి చెప్పక్కర్లేదు.

బాబాయ్: ఆ మాట ఎత్తనన్నావు.

అమ్మాయి: ఎత్తలేదు, నోట్లోంచి జారింది. సరే, ఇవాళ ఐబీ డిప్లొమా, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్. ఇంటర్ బదులు చదివే రెండేళ్ల చదువు. అందులో ఏ సబ్జెక్టులుంటాయి, ఎలా ఎంచుకోవాలి అని. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకమ్మ రాశారు. పాపకి టెన్త్ అయిపోయిందట. హైదరాబాద్‌లో ఒక బడిలో సీటు వచ్చిందట. ఆరు సబ్జెక్టులు ఎంచుకుని కాగితం నింపి పంపమన్నారట. పాపేమో డాక్టర్ అవుతానంటోంది.

బాబాయ్: బ్రాడీపేట ఎన్నో లైను?

అమ్మాయి: బాబాయ్!

బాబాయ్: తెలిసినవాళ్లేమోనని అడిగా. సరే, చెప్పు. నీ చదువేగా ఇది, ఇన్నేళ్లు చెప్పొచ్చావు.

అమ్మాయి: ఎకనామిక్స్ చెప్పా, 2017 నుంచి. ఈ చదువు 1968లో జెనీవాలో మొదలైంది. ఆరు గ్రూపులు. మొదటిది పిల్లలకి బాగా వచ్చిన భాష, దాని సాహిత్యం. రెండోది నేర్చుకునే భాష. మూడోది హిస్టరీ, ఎకనామిక్స్, సైకాలజీ లాంటివి. నాలుగు సైన్సులు, ఐదు లెక్కలు, ఆరు కళలు. ఒక్కో దాంట్లోంచి ఒకటి. మూడు హయ్యర్ లెవెల్, మూడు స్టాండర్డ్ లెవెల్. హయ్యర్‌కి 240 గంటల పాఠం, స్టాండర్డ్‌కి 150.

బాబాయ్: నా రోజుల్లో మన దగ్గర ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ. ఏదో ఒక గదిలోకి వెళ్లి తలుపేసుకోవడమే. లెక్కల పిల్లాడు చరిత్ర ముట్టేవాడు కాదు, బైపీసీ పిల్ల లెక్కలు ముట్టేది కాదు. ముప్పై రెండేళ్లు ఎంపీసీకి లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ గదిలో గాలాడదని నాకు తెలుసు.

అమ్మాయి: ఐబీలో కళల గడి ఒక్కటే వదిలేసే వీలుంది. నాట్యం, సంగీతం, చిత్రకళ ఏదీ వద్దనుకుంటే దాని చోట మొదటి నాలుగు గ్రూపుల్లోంచి ఇంకో సబ్జెక్టు పెట్టుకోవచ్చు. మనవాళ్లు చాలామంది అదే చేస్తారు, రెండో సైన్సు పెడతారు.

బాబాయ్: కూచిపూడి ఇక్కణ్ణుంచి బస్సులో పోయి రాగలిగినంత దూరం. మనం నాట్యం గడి కొట్టేయడం ఏమిటమ్మా!

అమ్మాయి: నాకూ బాధే. కానీ ఆ బ్రాడీపేట అమ్మకి అసలు చిక్కు ఇంకోటుంది. నీట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. మామూలు డిప్లొమాలో సైన్సు గడిలో ఒకటి, కళల గడిలో ఒకటి. రెండే పడతాయి. మూడోది కావాలంటే, మా దేశంలో వైద్యకళాశాలకి ఇవి తప్పనిసరి అని బడివాళ్లు ముందే ఐబీ సంస్థకి రాసి అనుమతి తెచ్చుకోవాలి. చదువు మొదలయ్యాక గుర్తొస్తే చాలా కష్టం. అమ్మా, మీరు రేపే బడికి ఫోన్ చేసి ఈ ఒక్క ముక్క అడగండి. మిగతావన్నీ తర్వాత.

బాబాయ్: బాగా చెప్పావు. లెక్కల్లో రెండు రకాలట కదా?

అమ్మాయి: 2019 నుంచి రెండు. అనాలిసిస్ అండ్ అప్రోచెస్, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్. మొదటిదాంట్లో ఒక పేపరుకి క్యాలిక్యులేటర్ ముట్టకూడదు. రెండోదాంట్లో అన్ని పేపర్లకీ ఉంటుంది. ఇంజనీరింగ్‌కి వెళ్లేవాళ్లు మొదటిది హయ్యర్‌లో తీసుకుంటే మంచిది.

బాబాయ్: వీటికి తోడు పిల్లలు నాలుగువేల మాటల వ్యాసం కూడా రాయాలట. నాకు మొత్తంలో నచ్చింది అదే. ఒక పిల్ల తానే ప్రశ్న వేసుకుని, తానే వెతుక్కుని, నాలుగువేల మాటలు రాయడం! గుంటూరు పిల్ల అయితే మిర్చి యార్డుకి పోవాలి. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయ ఎప్పుడు బయటికొస్తుంది, అప్పుడు తేజ రకం ధర ఏమవుతుంది, కొత్త కాయ వచ్చిన నెలలో ఏమవుతుంది...

అమ్మాయి: వచ్చేశాం యార్డుకి.

బాబాయ్: రాక? అది ఎకనామిక్స్ కాదా?

అమ్మాయి: మంచి ఎకనామిక్స్. నేనూ చేయించేదాన్నే. ఒక్క షరతు. నేను చేయించిన రోజుల్లో ఎకనామిక్స్ వ్యాసానికి సుమారు ఐదేళ్ల లోపు సంగతే తీసుకోవాలి. హిస్టరీకి దానికి ఎదురు, గత పదేళ్లలో జరిగింది తీసుకోకూడదు.

బాబాయ్: అయితే మీ నాయనమ్మ పుస్తకం హిస్టరీకి పనికొస్తుంది.

అమ్మాయి: ఏ పుస్తకం?

బాబాయ్: చెప్తాలే. ముందు నీ మాట పూర్తిచెయ్. భాషల గడి.

అమ్మాయి: అదే చెప్పాలనుకున్నా. మొదటి గ్రూపులో మనవాళ్లందరూ ఇంగ్లీషు రాసేస్తారు. రెండోదాంట్లో ఫ్రెంచో హిందీయో. అస్సలు రానివాళ్లకి ఆబ్ ఇనిషియో అని మొదటినుంచి నేర్పేదీ ఉంది. తెలుగు గురించి అడిగేవాళ్లే లేరు. బడి ఇచ్చే జాబితాలో లేని భాషైనా, దానికి తగినంత రాసిన సాహిత్యం ఉంటే బడి ప్రత్యేకంగా అడగొచ్చు. ఆ భాషకి టీచరు లేకపోయినా, బడి పర్యవేక్షణలో పిల్లలే చదువుకునే పద్ధతి ఉంది, స్టాండర్డ్ లెవెల్లో. తొమ్మిది రచనలు చదవాలి. తెలుగూ ఇంగ్లీషూ రెండూ మొదటి గ్రూపు భాషలుగా పాసైతే బైలింగ్వల్ డిప్లొమా అని ఇస్తారు. ఇంత దారి ఉండగా అడగరేమిటి బాబాయ్?

బాబాయ్: అడగరమ్మా. ఎందుకడుగుతారు? మార్కులు రావాలిగా. తొమ్మిది పుస్తకాలు, టీచరు లేకుండా, పదహారేళ్ల పిల్ల! ఒక్కో సబ్జెక్టుకి ఏడు, ఆ వ్యాసం లాంటి తోడు పనులకి ఇంకో మూడు, మొత్తం నలభై ఐదుకి. అందులో ఒక పాయింటు పోతే ఎక్కడో సీటు పోతుందని భయం. తల్లిదండ్రుల్ని అనకు.

అమ్మాయి: అనడం లేదు. మనం ఇంటర్లోనే ఇది అలవాటు చేసుకున్నాం అంటున్నా. రెండో భాష సంస్కృతం.

బాబాయ్: సంస్కృతం తప్పేంటి?

అమ్మాయి: సంస్కృతం నిజంగా చదివి ఉంటే నేనెంత సంతోషించేదాన్నో! నాకు రెండేళ్లకీ కలిపి రెండు వందలకి 197. రామ శబ్దం వల్లించా, వ్యాసం జవాబు ఇంగ్లీషులో రాశా. ఇవాళ ఒక శ్లోకం ఇస్తే అన్వయం చెప్పలేను. సంస్కృతమూ రాలేదు, తెలుగూ పోయింది.

బాబాయ్: ఆ 197 వల్లే నీకు వెయ్యికి 978 వచ్చాయి.

అమ్మాయి: ఆ 978తో ఏం చేశా? ఎంసెట్‌కి ఇంటర్ మార్కుల వెయిటేజీ పాతిక శాతం ఉండేది కదా. అది గ్రూపు సబ్జెక్టులకే. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. భాష మార్కు ఒక్కటి కూడా ర్యాంకులోకి రాలేదు. నువ్వు లెక్కల మాస్టారివి, నీకు తెలియదా?

బాబాయ్: తెలుసు.

అమ్మాయి: మరి?

బాబాయ్: కాలేజీ బోర్డు మీదికి వెయ్యికి ఎంతో అన్నదే ఎక్కేది. మేమూ ఆ బోర్డు కోసమే పరిగెత్తాం. సంస్కృతం తీసుకుంటే పిల్ల రోజుకో గంట మిగుల్చుకుంటుంది, ఆ గంట లెక్కలకి పనికొస్తుంది అనుకున్నాం. అందులో నిజం లేకపోలేదమ్మా. పొద్దున్నే స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టు. ఆ పిల్లల కళ్లు నేను చూశాను. వాళ్ల మీద పద్యాలు కూడా వేయమంటావా?

అమ్మాయి: పద్యం బరువని ఎందుకనుకున్నాం? ఆ రోజంతటిలో ఊపిరి తీసుకునే గంట అదే అయ్యేదేమో.

బాబాయ్: ...

అమ్మాయి: బాబాయ్, నా అప్లికేషన్ నింపింది ఎవరో గుర్తుందా?

బాబాయ్: గుర్తుంది.

అమ్మాయి: 2010 జూన్. నాన్న ఊళ్లో లేడు. మన గుంటూరు ఇంట్లో, వసారాలో, ఆ ఇనప మంచం మీద. రెండో భాష గడి దగ్గర ఆగి నన్ను అడిగావు. నేను తెలుగు అన్నా.

బాబాయ్: అన్నావు. నేను సంస్కృతం రాశా. నీలం పెన్ను. రాసి, ‘తర్వాత నాకు దణ్ణం పెడతావే’ అన్నా.

అమ్మాయి: నాకు కోపం లేదు బాబాయ్. నిజంగా లేదు. కానీ నాయనమ్మ పెద్దకర్మ రోజు నాలుగు మాటలు రాసి చదవమన్నారు చూడు. ఫోన్‌లో ఇంగ్లీషులో రాసుకున్నా. అక్కడ నిలబడి ఒక్కో వాక్యం తెలుగులోకి తిప్పుకుంటూ చెప్పా. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. ఆవిడ గురించి ఆవిడ భాషలో ఒక పేజీ రాయలేకపోయా. అది మాత్రం నన్ను వదల్లేదు.

బాబాయ్: వెనక వరసలో ఉన్నా. మధ్యమధ్య ఆగుతుంటే ఏడుపొచ్చి ఆగుతున్నావనుకున్నా.

అమ్మాయి: మాట దొరక్క ఆగా.

బాబాయ్: తప్పు నాదే తల్లీ. ఆ గడి నీది. నేను రాయకుండా ఉండాల్సింది.

అమ్మాయి: నువ్వలా అనాలని ఎత్తలేదు బాబాయ్.

బాబాయ్: అననీ. ఇన్నాళ్లూ అనలేదు.

అమ్మాయి: ...మంచినీళ్లు తాగు. ఫ్యాను వెయ్యనా?

బాబాయ్: వద్దులే. ఆ సంచీ ఇటివ్వు. ఇదిగో, ఇందాక చెప్పిన పుస్తకం. బీరువా సర్దుతుంటే కనబడింది. అట్ట ఊడిపోయింది, దారం నేను కుట్టా.

అమ్మాయి: నాయనమ్మ రాతేనా ఇది! ‘ళ’ ఎంత గుండ్రంగా రాసేది.

బాబాయ్: చదువు.

అమ్మాయి: ‘యార్డుకు 14 టిక్కీలు. తాలు వేరే 3. బండి బాడుగ ఇచ్చినది. కల్లంలో వాన తడి, రెండు రోజులు ఆపినది.’ టిక్కీలంటే మిర్చి బస్తాలండీ, తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. కింద చిన్నక్షరాలు... ‘మంచి కాయ తెల్లబోతే మనిషి మొహం చూసినట్టే ఉంది.’

బాబాయ్: ఐదో తరగతి చదివింది మా అమ్మ. పద్దు రాస్తూ రాస్తూ ఆ మాట రాసింది.

అమ్మాయి: ఇది లెక్క కాదు బాబాయ్. ఇది సాహిత్యం.

బాబాయ్: హిస్టరీ కూడా. పదేళ్లు ఎప్పుడో దాటింది. చూడు, ప్రతి పేజీలో టిక్కీలు, తాలు, కూలి ఉన్నాయి. ఒక పిల్ల ఈ పుస్తకం ముందేసుకుని, యార్డు రికార్డులు పక్కన పెట్టుకుని కూర్చుంటే...

అమ్మాయి: ఒక ఇంటి పద్దు మీదే నాలుగువేల మాటలు నిలబెట్టడం కష్టం. ప్రశ్న ఇరుకుగా ఉండాలి, తోడు ఆధారాలు కావాలి. గైడు టీచరు కూర్చునేది మొత్తం మూడు నుంచి ఐదు గంటలే. మిగతాదంతా పిల్ల ఒక్కతే లాగాలి. వ్యాసానికి గానీ, థియరీ ఆఫ్ నాలెడ్జ్ అని ఇంకోటుంది దానికి గానీ అన్నిటికంటే కిందిది, ‘E’ గ్రేడు వస్తే డిప్లొమానే రాదు.

బాబాయ్: థియరీ ఆఫ్ నాలెడ్జ్ అంటే?

అమ్మాయి: మనకి తెలిసింది తెలుసని ఎలా తెలుసు అని అడిగే పాఠం. చిన్న ప్రదర్శన ఒకటి, 1600 మాటల వ్యాసం ఒకటి.

బాబాయ్: తాలు కాయని పాటదారు చేత్తో నలిపి చూస్తాడు. మిషను తేమ చూస్తుంది. ఎవరి మాట నిజం? అదేగా?

అమ్మాయి: అచ్చం అదే. ఆ ప్రదర్శనలో మూడు వస్తువులు పెట్టాలి. ఒక తాలు కాయ పెట్టొచ్చు!

బాబాయ్: చూశావా, యార్డు లేకుండా ఏ చదువూ లేదు.

అమ్మాయి: ఐబీ గురించి మన రాష్ట్రంలోనూ ఓసారి గట్టిగా వినబడింది కదా, 2024 జనవరిలో సర్కారు బళ్లకని ఒప్పందం సంతకమైనప్పుడు.

బాబాయ్: అవును, ఆ ఏడే ప్రభుత్వం మారింది. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం, అందులోకి దిగితే తెల్లారుతుంది. నాకొకటి చెప్పు. ఆ బ్రాడీపేట పాప డాక్టరే అవ్వనీ. మూడు సైన్సులకీ అనుమతి వచ్చిందనుకో. తెలుగు పెట్టుకునే చోటుంటుందా?

అమ్మాయి: మొదటి గ్రూపులో తెలుగు, రెండో గ్రూపులో ఇంగ్లీషు. ఉంటుంది. పాఠం చెప్పేది ఇంగ్లీషులోనే కాబట్టి ఇంగ్లీషు ఎక్కడికీ పోదు. ఆ బడి ఒప్పుకోవాలి, పాపకి చదవాలని ఉండాలి. పాపనే అడగండమ్మా. తను రాసుకునే గడి అది.

బాబాయ్: పాపనే రాయనివ్వండి. పెన్ను మీరు పట్టుకోవద్దు.

అమ్మాయి: ...

బాబాయ్: ఈ పుస్తకం నువ్వే ఉంచుకో. బెజవాడలోనే ఉండనీ.

అమ్మాయి: నేను రాయనా బాబాయ్, నాయనమ్మ గురించి? ఇప్పుడు? తప్పులుంటాయి.

బాబాయ్: రాయి. లెక్కల మాస్టారే దిద్దుతాడు. పద్దెనిమిదో పేజీ చూడు, అక్కడ నీ బారసాల ఖర్చుంది.

అమ్మాయి: ఏదీ? పద్దెనిమిది... ‘ఉయ్యాలకు’... అయ్యో, కరెంటు పోయింది.

బాబాయ్: ఆ టార్చి ఇటు పట్టు.

అమ్మాయి: ఉండు, రికార్డర్‌లో చార్జింగ్ కూడా...