పెనుకొండ బండా, కొరియా బండా?

శ్రోతలందరికీ నమస్కారం.

మా చిన్నాయన కియా సెల్టోస్ కొన్నప్పుడు ఊళ్ళో చిన్నపాటి పంచాయితీ అయింది. రచ్చకట్ట దగ్గర ఎవరో "కొరియా బండి తెచ్చినావంటనే" అన్నారు. ఆయనకు చురుక్కుమంది. "కొరియా ఏందప్పా! మన పెనుకొండ కాడ పుట్టిన బండి ఇది. బస్సులో పోతా పోతా ఆ ఫ్యాక్టరీని ఎన్నిసార్లు చూసింటానో" అన్నాడు. బెంగళూరులో పనిచేసే పక్కింటి పిల్లోడు మధ్యలో దూరి, "పెద్దాయనా, ఆ మూతి జర్మనీ ఆయన పెట్టింది" అన్నాడు. తమాషా ఏమిటంటే, ముగ్గురి మాటా నిజమే.

ముందు ఆ మూతి సంగతి చూద్దాం. కియా 1944లో సైకిల్ విడిభాగాలతో మొదలైన కొరియా కంపెనీ. 1997 ఆర్థిక సంక్షోభంలో దివాలా తీస్తే, మరుసటి ఏడు హ్యుందాయ్ దాన్ని చేతిలోకి తీసుకుంది. కార్లు బాగానే నడిచేవి గానీ, పేరు చెరిపేస్తే ఇది ఫలానా కంపెనీది అని పోల్చుకోలేని ముఖాలు వాటివి. 2006లో పీటర్ ష్రాయర్ అనే జర్మన్ డిజైనర్‌ను తెచ్చుకున్నారు. అంతకుముందు ఆడి కంపెనీకి టీటీ అనే కారును తీర్చిదిద్దిన మనిషి. ఆయన కారు మూతి మీది జాలీకి ఒక ఆకారం ఇచ్చాడు. పై అంచునూ కింది అంచునూ మధ్యలో వేళ్ళతో పట్టి లోపలికి నొక్కినట్టు ఉంటుంది. దానికి పులి ముక్కు అని పేరు. 2007లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి కనబడింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ ముక్కు లేకుండా కియా కారు రాలేదు.

కారు గీయడమంటే కాగితం మీద గీతలతో అయిపోదు. ఇన్ని కంప్యూటర్లు వచ్చాక కూడా, కారు కంపెనీలు మట్టితో నిలువెత్తు కారు చేసి చూసుకుంటాయి. కుమ్మరి మట్టి కాదది. మైనం కలిసిన మట్టి. వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. దాన్ని పలుచటి రేకులతో గీకుతూ, అరచేత్తో నిమిరి చూస్తూ, తలుపు మీద వెలుతురు ఎక్కడ విరుగుతోందో గమనిస్తూ పనిచేస్తారు. కియాకు ఇలాంటి పని జరిగే పెద్ద కేంద్రాలు కొరియాలోని నమ్‌యాంగ్‌లోనూ, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ, కాలిఫోర్నియాలోని అర్వైన్‌లోనూ ఉన్నాయి.

ఇక్కడే లెక్క తికమక అవుతుంది. కియాకు సీడ్ అని ఒక కారుంది. గీసింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఇంజినీరింగ్ పని చేసింది జర్మనీలోనే రస్సెల్స్‌హైమ్‌లో, తయారైంది స్లొవేకియాలోని జిలినాలో. టెల్యురైడ్ అని ఇంకొకటి. గీసింది కాలిఫోర్నియాలో, తయారయ్యేది జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌లో. ఒకప్పుడు బట్టల మిల్లుల మీద బతికి, అవి మూతబడ్డాక డీలాపడిన ఊరు అది. 2009లో అక్కడ కార్ల తయారీ మొదలైంది. 2019లో టెల్యురైడ్ వచ్చింది గానీ దాన్ని కొరియాలో అమ్మకానికే పెట్టలేదు. కొరియా కంపెనీ బండి, కొరియా షోరూమ్‌లో మాత్రం దొరకదు!

మన సెల్టోస్ కథ వేరు. దాని నమూనాను 2018 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో ఎస్‌పీ కాన్సెప్ట్ పేరుతో పెట్టారు. 2019 జూన్‌లో అసలు కారును లోకానికి మొదట చూపించింది సియోల్‌లో కాదు, గురుగ్రామ్‌లో. కొరియాలోనూ సెల్టోస్ ఉంది, గ్వాంగ్జు ఫ్యాక్టరీలో తయారవుతుంది. అయితే ఆ మొదటి తరం కార్లను పక్కపక్కన పెట్టి టేపు పట్టండి. మనది 4,315 మిల్లీమీటర్ల పొడవు, వాళ్ళది 4,375. ఒకే పేరున్న అన్నదమ్ముల మధ్య 60 మిల్లీమీటర్ల తేడా, అంటే దాదాపు మూడు వేళ్ళ వెడల్పు. మన దగ్గర పన్ను, ధర, రోడ్డు, పార్కింగు అన్నీ కారు కొలతలను పట్టి లాగుతాయి మరి.

ఇక పెనుకొండ. 1565 యుద్ధంలో ఓడాక తిరుమల దేవరాయలు విజయనగర రాజధానిని హంపి నుంచి తరలించిన ఊరు ఇదే. ఆ కొండకు దగ్గర్లోనే, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఎర్రమంచిలో ఉంది కియా ఫ్యాక్టరీ. అప్పట్లో అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 2019 ఆగస్టుకల్లా బజార్లో కార్లు. చెనిక్కాయ పైరు వాన కోసం ఆకాశంకేసి చూసే నేల అది. ఫ్యాక్టరీకి నీళ్ళు గొల్లపల్లి జలాశయం నుంచి. ఆ జలాశయంలోకి వచ్చేది హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోతల మీద ఎక్కివచ్చే కృష్ణమ్మ. ఆ నీళ్ళు రాకుంటే అక్కడ కార్లకు రంగులు పూసే విభాగం నడవడం మాట అటుంచి, షెడ్డు కూడా లేచేది కాదనే నేను అనుకుంటాను.

ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సత్తాతో మొదలైంది ఆ ఫ్యాక్టరీ. పనిదినాలు 300 అనుకుంటే రోజుకు వెయ్యి. ఇనుప రేకు ప్రెస్సులో ఒత్తుడుపడి తలుపవుతుంది, రోబోలు వెల్డింగ్ చేస్తే ఒళ్ళు తయారవుతుంది, రంగు పూసుకుని అసెంబ్లీ లైనుకొస్తే మనుషుల చేతులు సీట్లూ వైర్లూ బిగిస్తాయి. 2023 జులైలో పది లక్షలో కారు ఇక్కణ్ణుంచి బయటికొచ్చింది.

అలాగని షోరూమ్‌లో ఉన్నదల్లా పెనుకొండ బండేనని అనుకోకండి. 2020లో వచ్చిన కార్నివాల్ భాగాలుగా పెట్టెల్లో వచ్చి ఇక్కడ బిగించిన బండి. దీన్ని సీకేడీ అంటారు. కరెంటుతో నడిచే ఈవీ6 అయితే పూర్తిగా తయారై, ఓడెక్కి వచ్చింది. మూడింటి మీదా బ్యాడ్జీ ఒకటే.

మరి తేల్చుకునేదెట్లా? ఆర్‌సీ కార్డు తీయండి. ఛాసిస్ నంబరు అని 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు, ఒకటిగానో సున్నాగానో పొరబడతారని. మొదటి మూడింట్లోనే జాతకమంతా ఉంటుంది. టాటా బండికి ఎం-ఏ-టి. కొరియాలో పుట్టిన కియాకు కె-ఎన్‌తో మొదలు. జిలినాలో పుట్టినదానికి యు-ఐదు-వై. పెనుకొండలో పుట్టినదానికి ఎం-జెడ్-బి. కారును ఎక్కడ గీశారో మాత్రం ఆ నంబరు చెప్పదు.

చిన్నాయనకు ఫోన్లో ఇదంతా చెప్పాను. కళ్ళద్దాలు వెతుక్కుని, కార్డును ట్యూబులైటు కిందికి పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "ఎం... జెడ్డు... బీ." కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. ఆ తర్వాత ఎవరినో కేకేస్తున్నాడు: "ఒరే, రచ్చకట్ట కాడ ఎవరైనా ఉండారేమో చూడు."

నమస్కారం.