బటను ప్రయాణం చేసింది, మాక్రో ఇంట్లోనే ఉండిపోయింది: మూడు కంప్యూటర్ల మీద ఒక ఎక్సెల్ ఉపకరణం రివ్యూ

ప్రేక్షక మిత్రులందరికీ నమస్కారం. ఈ రోజు చూపించబోయే ఉపకరణాన్ని దాని తయారీదారులే మూడు కంప్యూటర్లకు సరిపడే ఏడాది లైసెన్సుతో నాకు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. వీడియోను విడుదలకు ముందే తమకు చూపించమన్నారు కానీ దానికి నేను ఒప్పుకోలేదు. పేరు, ధర, ఏయే వెర్షన్లలో పనిచేస్తుందన్న పట్టిక ప్రస్తుతం తెర మీద ఉన్నాయి, వాళ్ళ ప్రకటనలో మీరు ఈపాటికి చూసే ఉంటారు కనుక చదివి వినిపించను. మనం ఎక్సెల్‌లో రాసుకున్న మాక్రోలనూ (పదేపదే చేసే పనిని ఎక్సెల్ చేత చేయించే చిన్న కోడులనూ), వాటిని నడపడానికి పైన పెట్టుకున్న బటన్లనూ ఒకే మూటగా కట్టి వేరే కంప్యూటరులో దించిపెట్టడం దీని పని.

ఈ పని నాకు ఎందుకు అవసరమో చెప్పాలి. నేను బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటాను, చిక్‌పేటలో ఒక టోకు బట్టల దుకాణానికి లెక్కలు చూస్తాను. ఇంట్లో నా ల్యాప్‌టాప్, దుకాణంలో విండోస్ 7 మీద ఇంకా ఎక్సెల్ 2010 నడుస్తున్న పాత కంప్యూటరు, మల్లేశ్వరంలో మా ఆడిటరు గారి కార్యాలయంలో 64-బిట్ మైక్రోసాఫ్ట్ 365 ఉన్న కొత్త కంప్యూటరు, ఈ మూడింటి మధ్య ఒకే షీటు నెలకు నాలుగైదుసార్లు తిరుగుతుంది. పదేళ్ళుగా పోగుచేసుకున్న మాక్రోలు పదకొండు ఉన్నాయి కానీ, రోజూ చేయి పడేది రెండింటి మీదే. ఒకటి లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెట్టేది, రెండవది మొత్తాన్ని రూపాయల్లో మాటలుగా రాసే ఫంక్షను.

కామాల కోసం మాక్రో ఎందుకని అడిగేవారు ఉంటారు. విండోస్‌లో ప్రాంతాన్ని ఇండియాగా పెట్టుకుంటే 12,34,567 అని దానంతట అదే వస్తుంది, నిజమే. అయితే ఆ ఏర్పాటు కంప్యూటరుది, షీటుది కాదు. ప్రాంతం అమెరికాగా ఉన్న కంప్యూటరులో అదే షీటు తెరిస్తే అదే అంకె 1,234,567 అయి కూర్చుంటుంది, మా దుకాణంలోని పాత యంత్రం సరిగ్గా అలాంటిదే. కోటి దాటితే ఒక రూపం, లక్ష దాటితే ఒక రూపం, మిగతా వాటికి ఒక రూపం అని షరతులతో నంబరు ఫార్మాటు రాయవచ్చు, కానీ ఎక్సెల్ ఒక ఫార్మాటులో రెండు షరతులకు మించి ఒప్పుకోదు, అందువల్ల ఋణ సంఖ్యలన్నీ మూడో గదిలో పడి మళ్ళీ మిలియన్ల కామాలు తెచ్చుకుంటాయి. బాకీల జాబితాలో సగం ఋణ సంఖ్యలే కదా! నా మాక్రో ఒక్కొక్క గడిని చూసి, సున్నాకు పైన ఉంటే ఒక ఫార్మాటు, కింద ఉంటే అద్దంలో చూసినట్టు తిరగేసిన మరో ఫార్మాటు వేస్తుంది. ఇరవై వరుసల కోడు, అయినా ఇది లేని కంప్యూటరు దగ్గర కూర్చుంటే నాకు చెయ్యి విరిగినట్టే ఉంటుంది.

ఇక అసలు చిక్కు. బటను అంటే మాక్రో కాదు. బటను అంటే మాక్రో ఉన్న చోటి చిరునామా రాసిపెట్టిన పలక. ఈ తేడా నాకు ఎక్సెల్ 2003 కాలంలోనే దెబ్బ తిని తెలిసింది. అప్పట్లో సొంత టూల్‌బార్లన్నీ ఎక్సెల్11 అనే పేరుతో, ఎక్స్‌ఎల్‌బీ పొడిగింపుతో ఒక చిన్న ఫైలులో దాగి ఉండేవి. మాక్రోకు బటను పెట్టుకుంటే మొదట పసుపుపచ్చ నవ్వుముఖం బొమ్మ వచ్చేది, గుర్తున్నవారికి గుర్తుంటుంది. నేను ఆ ఫైలును ఫ్లాపీలో వేసుకొని వేరే కంప్యూటరులోకి తీసుకువెళ్ళాను, నవ్వుముఖాలు వరుసగా కనిపించాయి, ఎంతో సంతోషించాను. నొక్కగానే నా పాత కంప్యూటరులోని ఫోల్డరు పేరు చెప్పి ఆ ఫైలు దొరకలేదన్నది. ముఖాలు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి. టూల్‌బారును వర్క్‌బుక్కుకే అతికించి పంపే అటాచ్ అనే మీట అదే డైలాగులో ఉండేదని తరువాత ఎప్పుడో తెలుసుకున్నాను.

2007లో టూల్‌బార్లు పోయి, పైన ట్యాబులుగా బటన్లు పరచి ఉండే రిబ్బను వచ్చింది, 2010 నుంచి రిబ్బనును మనమే మార్చుకొని, ఆ మార్పులను ఒక ఫైలుగా ఎగుమతి చేసి ఇంకొక కంప్యూటరులో దిగుమతి చేసుకొనే వీలూ వచ్చింది. జబ్బు మాత్రం పాతదే. నా ల్యాప్‌టాప్ నుంచి ఎగుమతి చేసిన ఫైలును నోట్‌ప్యాడులో తెరిచి చూపిస్తున్నాను, చూడండి: ప్రతి బటను దగ్గరా డి డ్రైవు, నా పేరున్న ఫోల్డరు, లోపలి ఫోల్డరు, ఫైలు పేరు, ఆశ్చర్యార్థకం, ఆ తరువాతే మాక్రో పేరు. ఆడిటరు గారి కంప్యూటరులో డి డ్రైవే లేదు.

అంతకన్నా ఘోరం దిగుమతిలో జరుగుతుంది. అది ఉన్నవాటి పక్కన కొత్తవి చేర్చదు. ఉన్నవన్నీ తీసేసి తనవి పెడుతుంది. పెట్టేముందు ఒక ప్రశ్న అడుగుతుంది, మనం ఎప్పటిలాగే చదవకుండా అవును అంటాం. నేనూ అన్నాను. మరునాడు ఉదయం ఆడిటరు గారి దగ్గర పనిచేసే కుర్రవాడు ఫోను చేసి, "అన్నా, నా క్విక్ యాక్సెస్ పట్టీ మీద తొమ్మిది బటన్లు ఉండేవి, ఇప్పుడు నీ లక్షలు, కోట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు" అన్నాడు. "మళ్ళీ పెట్టిస్తానులే తమ్ముడూ" అన్నాను కానీ, అవి ఏ తొమ్మిదో అతనికే పూర్తిగా గుర్తులేదు. రిటర్నుల గడువు వారం అది, నా మొహం చూపించలేక ఆ నెల ఫైళ్ళను కొరియరు కుర్రవాడితో పంపాను.

అందువల్ల ఈ ఉపకరణం పెట్టె తెరవగానే నేను మొదట పరీక్షించింది ఇదే, ఇక్కడ దీనికి పూర్తి మార్కులు ఇవ్వాలి. ఇది అవతలి మనిషి బటన్లను ముట్టుకోకుండా తన ట్యాబును వేరుగా నిలబెడుతుంది, చిరునామాలను ఆ కంప్యూటరుకు తగ్గట్టు తానే తిరగరాస్తుంది. 32-బిట్, 64-బిట్ ఎక్సెల్‌ల మధ్య తగాదాను కూడా ముందే పట్టుకుంటుంది. విండోస్ ఫంక్షనును పిలిచే నా మాక్రో ఒకదానిలో పీటీఆర్‌సేఫ్ అన్న మాట లేదని హెచ్చరించింది, ఆ మాట లేకపోతే 64-బిట్ ఎక్సెల్ ఆ వరుసను ఎర్రగా చూపి ఆగిపోతుంది.

ఇంకొక మంచి గుణం రూపాయల ఫంక్షను విషయంలో చూశాను. యాడ్-ఇన్‌లో, అంటే ఎక్సెల్‌కు అదనంగా తగిలించే మాక్రోల ఫైలులో, ఉన్న ఫంక్షనును గడిలో వాడి ఆ షీటును వేరే కంప్యూటరుకు పంపితే, యాడ్-ఇన్ అక్కడ వేరే ఫోల్డరులో ఉన్న పక్షంలో, ఫార్ములా ముందు మన ఫోల్డరు దారి మొత్తం తోకలాగా వచ్చి చేరుతుంది, గడిలో ఫలితానికి బదులు నేమ్ అన్న తప్పు కనిపిస్తుంది. చేత్తో సరిచేయాలంటే డేటా ట్యాబులో ఎడిట్ లింక్స్‌కు (కొత్త 365లో దాని పేరు వర్క్‌బుక్ లింక్స్) వెళ్ళి, ఛేంజ్ సోర్స్ నొక్కి, అక్కడి యాడ్-ఇన్‌ను చూపించాలి. ఇన్వాయిసులు నలభై ఉంటే నలభైసార్లు. ఈ ఉపకరణం షీటు తెరవగానే ఆ తోకను నిశ్శబ్దంగా కత్తిరిస్తుంది. ఆ నిమిషంలో లైసెన్సు పొడిగించుకోవాలని నిశ్చయించుకున్నాను కూడా.

ఆ తరువాత నా బటన్ల పేర్లు చూశాను.

నా బటన్లకు తెలుగు పేర్లు ఉంటాయి. లక్షలు, మాటల్లో, బాకీలు, ముగింపు. ఇది నా సరదా అనుకోండి, పట్టుదల అనుకోండి. వారం ముగిసేసరికి కళ్ళు అలసిపోయి ఉన్నప్పుడు రిబ్బను నిండా ఉన్న ఇంగ్లీషు అక్షరాల మధ్య తెలుగు అక్షరం దీపంలాగా కనిపిస్తుంది, వెతకనక్కర లేదు. ఈ ఉపకరణం మూటకట్టి దుకాణంలో దించిన ట్యాబులో నా లక్షలు ఉండవలసిన చోట ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. బాకీల చోట కూడా ఆరు ప్రశ్నార్థకాలు. పక్కనే ఇంగ్లీషులో, చక్కగా, పూర్తి వెర్షను కొనమని దాని సొంత బటను ఒకటి ఉంది.

కారణం కనిపెట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మాక్రోలు రాసే భాష వీబీఏ. అన్ని లిపులకూ ఒక్కటే సంకేతాల పట్టిక అయిన యూనికోడును చూపడం దాని ఎడిటరుకు చేతకాదు. అది విండోస్ పాత కోడ్‌పేజీల మీద, అంటే ఒక్కో లిపికి వేరుగా ఉండే అక్షరాల పట్టికల మీద, నడుస్తుంది, తెలుగుకు అలాంటి కోడ్‌పేజీ లేనే లేదు, కనుక అందులో తెలుగు అతికిస్తే అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కొక్క ప్రశ్నార్థకం పడుతుంది. ఈ ఉపకరణం మన బటన్ల పేర్లను తీసుకొని, తాను తయారుచేసే వీబీఏ కోడులో రాసిపెడుతోంది. కోడులోనే తెలుగు రావాలంటే సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ ఫంక్షనుతో ఒక్కొక్క సంకేతాన్నీ అంకెగా పేర్చాలి. లక్షలు అన్న ఒక్క మాటకు 3122, 3093, 3149, 3127, 3122, 3137 అని ఆరు అంకెలు. మధ్యలోని 3149 పొల్లు, అది తప్పితే క్ష విడిపోయి లకషలు అవుతుంది. ఇది మనుషులు చేయవలసిన పని కాదు, కానీ ఒక సాఫ్ట్‌వేరు చేయడానికి క్షణం పట్టదు. తయారీదారులకు రాస్తే, ప్రస్తుతానికి బటన్ల పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోమని సలహా ఇచ్చారు. బెంగళూరు నడిబొడ్డున, తెలుగు మాట్లాడే యజమానికీ, కన్నడంలో చదువుకున్న గుమాస్తాకూ కలిపి పనికి రావలసిన షీటు గురించి ఇచ్చిన సలహా ఇది.

ఉపకరణం లేకుండా ఇదే పని ఎలా అవుతుందో చూపిస్తాను, ఎందుకంటే దీనికి కావలసినదంతా ఎక్సెల్‌లోనే ఉంది. మాక్రోలున్న వర్క్‌బుక్కును ఎక్స్‌ఎల్‌ఏఎం రకం యాడ్-ఇన్‌గా భద్రపరచండి. ఆ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాని లోపల కస్టమ్‌యూఐ అనే ఫోల్డరులో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు, అంటే ట్యాబు ఎలా ఉండాలో గుర్తులతో రాసిన మామూలు టెక్స్ట్ ఫైలు, చేరిస్తే, ట్యాబూ బటన్లూ ఆ యాడ్-ఇన్‌తోనే పుడతాయి, యాడ్-ఇన్‌ను తీసేస్తే దానితోనే పోతాయి, ఎదుటివారి బటన్లకు ఏమీ కాదు. చేత్తో జిప్ విప్పనక్కర లేదు, ఆఫీస్ రిబ్బన్‌ఎక్స్ ఎడిటర్ అనే ఉచిత సాధనం చాలు. ఇప్పుడు తెర మీద ఉన్న వరుసను గమనించండి. బటను నొక్కితే ఏం జరగాలన్న చోట డ్రైవు లేదు, ఫోల్డరు లేదు, మాక్రో పేరు ఒక్కటే ఉంది. ఆ పేరు గల మాక్రో అదే ఫైలులో ఉంది కనుక చిరునామాతో పనే లేదు. లేబుల్ అన్న చోట లక్షలు అని తెలుగులోనే కొట్టాను, ఎక్స్‌ఎంఎల్ యూనికోడులో ఉంటుంది కనుక ప్రశ్నార్థకాలు లేవు.

రెండు చోట్ల జాగ్రత్త అవసరం. రిబ్బను పిలిచే మాక్రో పేరు పక్కన బ్రాకెట్లలో కంట్రోల్ అనే ఆర్గ్యుమెంటును (మాక్రోకు అందే విలువను) ఐరిబ్బన్‌కంట్రోల్ రకంగా ప్రకటించాలి, లేకపోతే ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పని ఎక్సెల్ మొరాయిస్తుంది. కోడులో దిస్‌వర్క్‌బుక్ అని ఉంటే యాక్టివ్‌వర్క్‌బుక్ అని మార్చాలి, ఎందుకంటే యాడ్-ఇన్‌లో దిస్‌వర్క్‌బుక్ అంటే కంటికి కనిపించని ఆ యాడ్-ఇన్ ఫైలే. నేను మార్చడం మరచి, అరగంట సేపు ఎవరికీ కనిపించని షీటులో కామాలు పెట్టాను.

లిబ్రేఆఫీస్ వాడేవారికి ఈ బాధ కొంత తక్కువ, అక్కడి కస్టమైజ్ డైలాగులో టూల్‌బారును ఆ ఒక్క ఫైలులోనే భద్రపరచమని చెప్పవచ్చు.

కాబట్టి నా తీర్పు ఇది. ఫార్ములాల తోకలు కత్తిరించే గుణం ఒక్కదానికే దీన్ని మెచ్చుకుంటాను, ఇంగ్లీషు పేర్లతోనే సరిపెట్టుకొనేవారు, పదిమందికి పైగా మాక్రోలు పంచవలసినవారు కొనుక్కోవచ్చు. నేను పొడిగించను. దుకాణం కంప్యూటరు నుంచి నిన్ననే తీసేశాను. నా యాడ్-ఇన్‌లో బటన్ల పేర్లను ఒక గడి నుంచి చదివించే ఏర్పాటు చేసి, ఆ గడిలో గుమాస్తా గారి కోసం కన్నడం పెట్టాను. గడిలోని మాట యూనికోడే కనుక అదీ చక్కగా వచ్చింది. ఆయన రెండుసార్లు నొక్కి చూసి, అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయమన్నారు. అది రిబ్బనులో నా చేతిలో లేదు.

నా ఎక్స్‌ఎల్‌ఏఎం ఫైలును వీడియో కింద ఉంచుతున్నాను. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైళ్ళలోని మాక్రోలను మనం అనుమతిస్తే తప్ప ఆపివేస్తామని మైక్రోసాఫ్ట్ 2022 ఫిబ్రవరిలో ప్రకటించింది, ఆ మార్పు వల్ల దించుకున్న ఫైలును నేరుగా యాడ్-ఇన్‌గా పెడితే ట్యాబు కనిపించదు, ఫలానా తప్పు అని కూడా అది చెప్పదు. ముందుగా ఫైలు మీద కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్‌లో అడుగున ఉన్న అన్‌బ్లాక్ గడిలో టిక్కు పెట్టండి. పెట్టిన తరువాతే ఎక్సెల్ తెరవండి.