ఇండక్షన్ స్టవ్: అద్దం సరే, అడుగు చూశారా?

(దృశ్యం: శ్రీకాకుళంలో ఒక ఇంటి వంటగది. గట్టు మీద ఇండక్షన్ స్టవ్.)

నమస్కారమండీ. ఈ అద్దాన్ని రోజూ మెరిసేలా తుడుస్తాం. స్టవ్ ప్రాణమేమో అడుగున ఉంది. ఇవాళ దాన్నే తిరగేసి చూద్దాం.

(దృశ్యం: ప్లగ్ తీసి, తిరగేసిన స్టవ్. ఫ్యాను జాలి దగ్గరగా.)

అద్దం కింద రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకు 20,000 సార్లకు పైగా దిశ మారే కరెంటు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దానివల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. ఆ పనిలో చుట్టా, లోపలి బోర్డూ కూడా కాగుతాయి. వాటిని చల్లబరిచే దిక్కు ఈ చిన్న ఫ్యానే.

గట్టు పాడవుతుందని చాలా ఇళ్లలో స్టవ్ కింద పేపరో, ప్లాస్టిక్ షీటో పరుస్తారు. దయచేసి ఇప్పుడే తీసేయండి. ఫ్యాను దాన్ని లాక్కుంటే గాలి దారి మూసుకుపోతుంది. గోడకు కనీసం 10 సెంటీమీటర్లు ఎడం ఉంచండి. పోపు ఆవిరి, దుమ్ము కలిసి జాలికి జిడ్డుగా పట్టేస్తాయి. నెలకోసారి ప్లగ్ తీసి, పాత టూత్‌బ్రష్‌తో పొడిగానే దులపండి. వంట కాగానే గోడ స్విచ్ ఆపకండి. స్టవ్ మీది బటన్ నొక్కి, ఫ్యాను తిరగడం ఆగేదాకా ఉండండి.

(దృశ్యం: మన జిల్లాలోని బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి గిన్నెకు, స్టీలు గిన్నెకు అయస్కాంతం ఆనించి చూపడం.)

అయస్కాంతం అడుగుకు గట్టిగా అంటుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. మన బుడితి ఇత్తడి ఎంత అందమైనదైనా ఇక్కడ కాగదు. మామూలు అల్యూమినియం కుక్కరూ అంతే. వాటిని గ్యాస్ మీద వాడుకోండి. 2018లో తిత్లీ తుపాను తర్వాత కరెంటు లేని రోజులు చూసిన జిల్లా ఇది, గ్యాస్ బండ ఇంట్లో ఉండాల్సిందే.

(దృశ్యం: గోడ మీద రెండు ప్లగ్గులు.)

2,000 వాట్ల స్టవ్ సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్లదే కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే వద్దు.

(దృశ్యం: మూకుడులో పోపు.)

పనసపొట్టు కూరకు పోపు పెడుతున్నాం. పల్చటి మూకుడులో నూనె పోసి 2,000 నొక్కితే ఆవాలు చేతిలో ఉండగానే పొగ లేస్తుంది. 800తో మొదలుపెట్టండి. ఖాళీ గిన్నెను మాత్రం ఎప్పుడూ కాచకండి, అడుగు వంకర పోతుంది.

అద్దం చల్లారాక తడిగుడ్డ, సబ్బు చుక్క చాలు. స్టీలు పీచు గీతలు పెడుతుంది.

(దృశ్యం: పగిలిన అద్దం ఫొటో.)

వెంట్రుకంత పగులు కనిపించినా వాడకం ఆపేయండి. పొంగిన నీళ్లు ఆ సందులోంచి దిగితే షాక్ కొడుతుంది. ముందు గోడ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, అద్దం మార్పించాకే మళ్లీ గిన్నె పెట్టండి.