అమెరికా డస్ట్ కలెక్టర్ బెజవాడలో ఎందుకు డీలా పడుతుంది? ఇంటి షెడ్డుకు ఏది కొనాలి?

నమస్తే అండీ! ఈ రోజు వీడియో బెజవాడ పటమట నుంచి. వెనకాల కనిపిస్తున్నది 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న షెడ్డు. టేబుల్ సా (బల్ల రంపం), చిత్రిక మిషను, మైటర్ సా (కోణాల్లో కోసే రంపం), చెక్కను నునుపు చేసే రెండు చేతి శాండర్లు, ఇంతే సామాను. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యారేజీలో చెక్కపని అలవాటైనవాళ్ళు ఇంటికొచ్చేసే ముందు తప్పకుండా అడిగేది ఒకటుంది: "అక్కడి డస్ట్ కలెక్టర్ కంటైనర్‌లో వేసేయమంటారా?" వద్దండీ. మిషన్ల దగ్గర లేచే పొట్టునీ పొడినీ గొట్టంతో పీల్చే ఆ డస్ట్ కలెక్టర్ ఫిల్టరు తెచ్చుకోండి, గొట్టం చివర పెట్టే అడాప్టర్లు తెచ్చుకోండి, షాప్ వాక్యూమ్ (పనిచోట వాడే వాక్యూమ్ క్లీనర్) ఉంటే అదీ తెచ్చుకోండి. పెద్ద మోటారు మాత్రం అక్కడే అమ్మేసి రండి.

అసలు చిక్కు ఓల్టేజీతో కాదు, హెర్ట్జ్‌తో, అంటే కరెంటు సెకనుకు ఎన్ని అలలుగా వస్తుందో ఆ లెక్కతో. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 230 ఓల్టులు 120 అవుతాయి గానీ 50 మాత్రం 50గానే ఉంటుంది. డస్ట్ కలెక్టర్‌లో ఉండే ఇండక్షన్ మోటారు వేగం హెర్ట్జ్‌ని పట్టే ఉంటుంది కాబట్టి, అక్కడ నిమిషానికి 3450 చుట్లు తిరిగింది ఇక్కడ 2850 దగ్గర ఆగిపోతుంది. గాలి ఆరో వంతు తగ్గుతుంది, అంతవరకు సర్దుకోవచ్చు. పీల్చే ఒత్తిడి మాత్రం వేగానికి వర్గంలో పడిపోతుంది, దాదాపు 30 శాతం పోయినట్టే. గొట్టాన్నీ బెండ్లనీ ఫిల్టరునీ దాటించి గాలిని లాక్కొచ్చేది ఆ ఒత్తిడే కదా. పైగా 60కి చుట్టిన వైండింగుకి అదే ఓల్టేజీలో 50 ఇస్తే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. మన మే నెల ఎండలో రేకుల కింద ఆ మోటారు ఎంతకాలం బతుకుతుందో మీరే ఊహించుకోండి.

షాప్ వాక్యూమ్ సంగతి వేరు. దానిలో కార్బన్ బ్రష్షుల మోటారు ఉంటుంది, హెర్ట్జ్‌తో దానికి పని లేదు. 12 ఆంపియర్లని రాసి ఉంటే 120 ఓల్టుల లెక్కన 1440 వీఏ (ఓల్టు ఆంపియర్లు), కాబట్టి 2 కేవీఏ, అంటే 2000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే హాయిగా నడుస్తుంది. 1 కేవీఏది చవకని కొంటే మాత్రం అరగంటకే కాలిన వాసన మొదలవుతుంది.

ఇప్పుడు దుమ్ము సంగతి. మిరపకాయలు పట్టే మిల్లు దగ్గర నిలబడ్డవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. డబ్బాలో పడే కారం కంటికి కనిపిస్తుంది, దగ్గు తెప్పించేది కనపడదు. చెక్కపనిలోనూ అంతే. నేల మీద పోగయ్యే పొట్టు చీపురుకు పని, అంతే. ఊపిరితిత్తుల లోపలికంటా వెళ్ళేది 10 మైక్రాన్ల లోపు పొడి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో పెడుతూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే నివేదిక ప్రచురించింది. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. అన్నిటికంటే మెత్తనిది ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) పొడి, అందులో జిగురు రెసిన్ కూడా కలిసి ఉంటుంది. అందుకే కలెక్టర్ కొనేటప్పుడు మొదట అడగాల్సింది హెచ్‌పీ ఎంతని కాదు, ఫిల్టరు ఎన్ని మైక్రాన్లదని. 30 మైక్రాన్ల గుడ్డ సంచీ ఇస్తున్నారంటే పొట్టు సంచీలో ఉంటుంది, పొడి మీ ముఖం మీదకొస్తుంది. 1 మైక్రాన్ మడతల ఫిల్టరు ఉంటేనే మాట్లాడండి.

సీఎఫ్ఎం గురించి కూడా ఒక మాట, అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి లాగుతుందో ఆ లెక్క. డబ్బా మీద రాసే సీఎఫ్ఎం గొట్టం, ఫిల్టరు ఏవీ లేకుండా కొలిచింది. అన్నీ తగిలించాక సగం దక్కితే అదృష్టం. ఇక్కడి బ్లోయర్ల (కలెక్టర్‌లో గాలిని లాగే ఫ్యాను, మోటారు) మీద గంటకు ఘనపు మీటర్లలో రాస్తారు, దాన్ని 1.7తో భాగిస్తే సీఎఫ్ఎం వస్తుంది. టేబుల్ సాకు కనీసం 350, 12 లేదా 13 అంగుళాల చిత్రిక మిషనుకు 400 నుంచి 500 కావాలి. శాండర్‌కు ఈ పెద్ద కలెక్టర్ పనికిరాదు. శాండర్ మూతి 35 మిల్లీమీటర్ల దగ్గరే కాబట్టి అంత సన్నటి దారిలోంచి లాగే ఒత్తిడి వాక్యూమ్‌కే ఉంటుంది. కలెక్టర్ 8 నుంచి 12 అంగుళాల నీటిమట్టం వరకు (అంటే నీళ్ళను అంత ఎత్తుకు లాగే ఒత్తిడి) లాగితే, వాక్యూమ్ 60 పైనే లాగుతుంది. రెండూ ఉంచుకోవాల్సిందే, ఒకదానితో సరిపెట్టే దారి లేదు.

గొట్టం దగ్గరే చాలామంది డబ్బు పోసి చెడగొట్టుకుంటారు, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. నిలువు గొట్టంలో పొట్టు వెనక్కి జారకుండా పైకెళ్ళాలంటే గాలి నిమిషానికి 4000 అడుగుల వేగంతో పోవాలి. ఆ వేగంలో 4 అంగుళాల గొట్టంలో పట్టేది 350 సీఎఫ్ఎం, 6 అంగుళాల దాంట్లో 785. అయితే పెద్దదే వేసేద్దాం అనుకుంటారు. ఆగండి. 2 హెచ్‌పీ బ్లోయర్ పెట్టి, మెయిన్ లైను 160 మిల్లీమీటర్ల పైపుతో వేసి, చివర టేబుల్ సాకు 110 మిల్లీమీటర్లది దింపారనుకోండి. సన్న గొట్టంలోంచి వచ్చేదే 400 సీఎఫ్ఎం. అది వెడల్పు పైపులోకి రాగానే వేగం 2000కి పడిపోతుంది. పొట్టు పైపు అడుగున ఏటిఒడ్డు ఇసుకలా మేట వేస్తుంది. నెల తర్వాత ఒక్కసారిగా పూడుకుపోతే "మోటారు వీకైపోయిందండీ" అంటారు. మోటారుకేమీ కాలేదు! ఈ షెడ్డుకైతే 2 హెచ్‌పీ, మొత్తం 110 పైపే, పొడవు 5 మీటర్లు దాటకుండా, ఒకసారికి ఒకటే మిషను. చిత్రిక మిషనూ టేబుల్ సా బ్లోయర్ పక్కనే, మైటర్ సా చివర. 160 పైపు వేయాలనుంటే 3 హెచ్‌పీ తీసుకుని, చిత్రిక మిషను మూతి దాకా 160నే తీసుకెళ్ళండి.

పైపు కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, బాత్రూమ్ లైన్లకు వాడే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు చాలు. రబ్బరు రింగుది అడగండి, సొల్యూషన్‌తో అతికించేది వద్దు. రింగుదైతే ఎప్పుడైనా ఊడదీసి శుభ్రం చేయొచ్చు. పైపు చీలే చోట టీ ఆకారపు జాయింటు వాడకండి, వై ఆకారపుది వాడండి, కొమ్మలోంచి వచ్చే గాలి మెయిన్ లైన్లో గాలి పోయే దిక్కుకే ఏటవాలుగా కలవాలి. 90 బెండు ఒకటి దాదాపు 6 అడుగుల పైపుతో సమానంగా గాలిని ఆపుతుంది, రెండు 45లు కలిపి వేస్తే మలుపు మెత్తబడుతుంది. పైపు నున్నటి కొన సాకెట్‌లోకి దూరే దిక్కు, గాలి పోయే దిక్కు ఒకటే కావాలి. తిరగేస్తే అంచు దగ్గర చిత్రిక పొట్టు జుట్టు చుట్టుకున్నట్టు పట్టుకుంటుంది. మలుపుల దగ్గర మూత ఉన్న డోర్ బెండ్ వేస్తే పూడినప్పుడు చెయ్యి పెట్టి తీయొచ్చు. ముడతల గొట్టం మిషను దగ్గర మీటరుకు మించొద్దు, ఒకే పొడవుకు అది నున్నటి పైపు కంటే రెండు మూడింతలు గాలిని ఆపుతుంది. అమెరికా మిషను మూతి 101 మిల్లీమీటర్లు, మన 110 పైపు లోపలి కొలత 104 చుట్టూ. ఆ సందుకి ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టి బిగించండి.

ఇక సైక్లోన్. తెనాలి వైపు వెళ్తుంటే రైస్ మిల్లుల మీద గరాటులా వేలాడేది చూసే ఉంటారు, అదే. గాలి సుడి తిరిగి బరువైన పొట్టు అంచుకు కొట్టుకుని కిందికి జారుతుంది, తేలిక గాలి మధ్యలోంచి పైకి పోతుంది. ఆటోనగర్‌లో రేకుపని చేసేవాళ్ళకు గీత గీసిస్తే 20 గేజి రేకుతో చేసిపెడతారు. కాకపోతే వాళ్ళు గట్టిదనం చూస్తారు, గాలి లీకు చూడరు. సైక్లోన్ కింద డ్రమ్ము మూత దగ్గర పెన్సిలంత సందు ఉన్నా బయటి గాలి అక్కడినుంచే దూరి, కింద పడ్డ పొట్టునంతా మళ్ళీ పైకి లేపి ఫిల్టరులోకి తోస్తుంది. ఫిల్టరు వారానికోసారి మూసుకుపోతుంటే ముందు చూడాల్సింది డ్రమ్ము మూతే.

ఖర్చు తగ్గించుకోవాలంటే థీన్ బాఫిల్ ఉంది, సైక్లోన్ లాగే గాలిలోంచి పొట్టును విడదీసే డ్రమ్ము. 200 లీటర్ల నీలం డ్రమ్ములో ప్లైవుడ్ బిళ్ళ ఒకటి, చుట్టూ 240 డిగ్రీల మేర 28 మిల్లీమీటర్ల సందు, మిగతా 120 డిగ్రీలు గోడకు ఆనుకుని ఉండాలి. గాలి బయటికెళ్ళే గొట్టం కొసకీ బిళ్ళకీ మధ్య గొట్టం వెడల్పులో సగం, అంటే 2 అంగుళాల ఖాళీ. టేబుల్ సా పొట్టుకు బాగుంటుంది. చిత్రిక పొట్టు పొడవుగా చుట్టలు చుట్టుకుని ఆ సందులో ఇరుక్కుంటుంది, రోజంతా చిత్రికే అయితే సైక్లోనే మేలు. పల్చటి రేకు డ్రమ్ము మాత్రం వద్దు, గేట్లన్నీ (ఒక్కో మిషను వైపు గాలి దారి మూసే పలకలు) మూసి స్విచ్చి వేస్తే ఢామ్మని లోపలికి నొక్కుకుపోతుంది.

గాలిని బయటికి వదిలేద్దామా? అమెరికాలో చలికాలం అలా చేస్తే హీటర్ వేడంతా పోతుంది, గ్యాస్ వాటర్ హీటర్ పొగ వెనక్కి తన్నే ప్రమాదం కూడా ఉంది. ఇక్కడ ఏసీ లేని షెడ్డుకు ఆ బాధలు లేవు. 400 సీఎఫ్ఎం బయటికి పోతే, పదడుగుల ఎత్తున్న ఈ షెడ్డులో గాలి మొత్తం 6 నిమిషాలకోసారి మారిపోతుంది. తలుపో కిటికీయో తెరిచి ఉంచితే చాలు. కానీ సైక్లోన్ దాటి పోయే మెత్తటి పొడి ఎక్కడికెళ్తుందో ముందు చూసుకోండి. పటమటలో ప్రహరీకీ ప్రహరీకీ మధ్య ఎంత జాగా ఉంటుందో మీకు తెలుసు, పక్కింటి పిన్నిగారి డాబా మీద వడియాలుంటే మాట పడాల్సింది మీరే. అందుకే ఇక్కడ బ్లోయర్, సైక్లోన్ బయట చిన్న రేకు పంచలో ఉన్నాయి, ఫిల్టరు కూడా వాటి వెనకే. చప్పుడు కూడా షెడ్డులో తగ్గుతుంది.

కరెంటు సంగతి క్లుప్తంగా. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 9, 10 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారింతలు. బీ టైపు ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే రక్షణ స్విచ్చి) మోటారు వేయగానే పడిపోతుంది, సీ టైపుది పెట్టించండి. ఎండాకాలం ఓల్టేజీ బాగా పడిపోయినప్పుడు మోటారు మూలుగుతూ తిరక్కుండా నిలబడితే వెంటనే ఆపేయండి, కెపాసిటర్ పోయేది అప్పుడే. త్రీ ఫేజ్ అయితే ఇంకో తమాషా. ఫేజులు తారుమారై ఫ్యాను వెనక్కి తిరిగినా గాలి లోపలికే పీలుస్తుంది, బలం మాత్రం ఉండదు. చాలామంది అది తెలియక నెలల తరబడి వాడతారు. కేసింగ్ మీద బాణం గుర్తు చూసి, ఆగేటప్పుడు ఫ్యాను తిరుగుడు పోల్చుకోండి.

కెమెరా దగ్గరికి రండి, ఇదొక్కటి చూపిస్తా. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు లెవెల్ ట్యూబు ఇది, మీటరున్నర ముక్క. యూ ఆకారంలో చెక్కకు కట్టి, సగం వరకు పసుపు కలిపిన నీళ్ళు పోశాం. ఫిల్టరుకు ముందు పైపుకు 6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి ఒక కొన అక్కడ దూర్చాం, రెండోది గాలికి వదిలేశాం. మోటారు వేస్తున్నా... చూశారా, ఒక వైపు నీళ్ళు దిగాయి, రెండో వైపు ఎక్కాయి. రెండు మట్టాల మధ్య తేడా అంగుళాల్లో కొలిస్తే ఫిల్టరు ఎంత అడ్డుపడుతోందో తెలిసిపోతుంది. ఫిల్టరు కొత్తగా ఉన్నప్పుడే, టేబుల్ సా గేటు తెరిచి రీడింగ్ తీసుకుని గోడ మీద సుద్దతో రాసుకోండి. అదే గేటుతో అది రెండింతలైతే ఫిల్టరు దులిపే సమయం వచ్చినట్టు. కంప్రెసర్ గాలితో కొట్టేటప్పుడు బయటి వైపు నుంచి లోపలికి, దూరంగా పట్టుకుని కొట్టండి, దగ్గరగా కొడితే మడతలు చిరుగుతాయి. మాస్కు పెట్టుకోండి, ఎన్95 కన్నా తక్కువది వద్దు.

గ్రైండర్ పట్టిన చోట నేల మీది పొడిని మాత్రం ఎప్పుడూ ఈ గొట్టంతో పీల్చకండి. ఒక్క నిప్పురవ్వ పొట్టు డ్రమ్ములో పడి గంటల తరబడి లోలోపల కాలి, రాత్రి మంట లేస్తుంది. వానాకాలం పొట్టు చెమ్మ పట్టి బూజు పడుతుంది, చెదలు కూడా చేరతాయి, డ్రమ్ము ముప్పావు నిండగానే ఖాళీ చేయండి. టేకు, వేప పొట్టు ఎవరైనా అడిగితే ఇచ్చేయొచ్చు. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టు మాత్రం ఎవరి పొయ్యిలోకీ వెళ్ళనీయొద్దు, విడిగా సంచీ కట్టి పడేయండి.