ఫోన్-ఇన్: ఒంట్లో శక్తి ఎక్కడ తయారవుతుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టరుగారు మనతో ఉన్నారు. మొదటి కాల్ వరంగల్ నుంచి.

శ్రోత: నమస్తే సార్. ఇంటర్ బైపీసీ చదువుతున్న. ఎంత శక్తి కావాల్నో మైటోకాండ్రియాకు ఎట్ల తెలుస్తది సార్?

డాక్టర్: మంచి ప్రశ్న బాబూ. మైటోకాండ్రియా అంటే కణంలో శక్తి తయారుచేసే చిన్న భాగాలు. మెట్లెక్కుతున్నావనుకో. కండరంలో ఏటీపీ, అంటే కణం శక్తికోసం వాడుకునే అణువు, ఖర్చయి ఏడీపీ అవుతుంది. ఆ ఏడీపీ మైటోకాండ్రియాలోకి చేరగానే, దాన్ని మళ్లీ ఏటీపీగా మార్చే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము వేగం పుంజుకుంటుంది. ఇంకోపక్క, కండరం ముడుచుకోవడానికి విడుదలైన కాల్షియమే కొంత మైటోకాండ్రియా లోపలికి దూరి, చక్కెర నుంచి వచ్చిన ఇంధనాన్ని వాడకానికి సిద్ధంచేసే పైరువేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైముకు చురుకు పుట్టిస్తుంది. ఆ కాల్షియం వెళ్లే దారి ఏ ప్రోటీనో 2011లో గానీ తేలలేదు. పని చేయించేదీ కాల్షియమే, ఆ పనికి ఇంధనం పంపమని చెప్పేదీ కాల్షియమే! ఎన్నేళ్లు పాఠం చెప్పినా నాకిది అద్భుతంగానే ఉంటుంది.

వ్యాఖ్యాత: థాంక్యూ. భీమవరం, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నాకు షుగరండీ, మెట్‌ఫార్మిన్ వాడతన్నాను. ఒకటే నీరసం. మా తోడికోడలు మైటోకాండ్రియా మాత్రలంటా తెచ్చిందండీ. విటమిన్ సీ, ఈ ఉన్నాయంట. ఒంట్లో విషాలన్నీ...

డాక్టర్: మెట్‌ఫార్మిన్ ఎన్నాళ్లుగా అమ్మా?

శ్రోత: చానా ఏళ్లయిందండీ. మావాడి పెళ్లికి ముందునించీ. ఆ పెళ్లిలోనే కళ్లు తిరిగి... అది సరేగానీ, ఆ మాత్రలు వేసుకోవచ్చాండీ?

డాక్టర్: సొంతంగా ఏ మాత్రా వద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బి12 తగ్గొచ్చు. ముందు బి12, హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్ చూపించుకోండి.

శ్రోత: అలాగేనండీ. మరి ఆ మాత్రలు...

డాక్టర్: వద్దన్నానమ్మా! మైటోకాండ్రియా పనిచేసేటప్పుడు కొద్దిగా ఫ్రీ రాడికల్స్, అంటే కణాన్ని దెబ్బతీయగల చురుకైన అణువులు, పుడతాయి. సీ, ఈ విటమిన్లు వాటిని అణిచేస్తాయి. ఎక్కువైతే చేటే. కొద్దిగా ఉంటే మాత్రం, వ్యాయామానికి తగ్గట్టు కణం సర్దుకోవడానికి అవే సంకేతం. 2009లో జర్మనీ పరిశోధకులు వ్యాయామం చేసే యువకులకు రోజూ 1000 మిల్లీగ్రాముల సీ, 400 యూనిట్ల ఈ ఇచ్చి చూశారు. వ్యాయామంతో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది ఆ మాత్రలు వేసుకోనివాళ్లలోనే.

శ్రోత: అయితే మెట్‌ఫార్మిన్ కూడా మానేసేదాండీ?

డాక్టర్: అయ్యో, మానొద్దు తల్లీ. డాక్టరుని అడక్కుండా మందు ఆపొద్దు, కొత్తది కలపొద్దు. మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని లోకానికి చూపించారు. ఆ ఏటీపీ ఒంట్లో నిలవ ఉండదు, అప్పటికప్పుడు తయారవ్వాల్సిందే. రిపోర్టులు డాక్టరుకి చూపించి, ఆయన సరేనంటే రోజూ కాస్త నడవండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. దుబాయ్ నుంచి...

శ్రోత: సార్, నైట్ డ్యూటీ. కాఫీతో ఎనర్జీ...

డాక్టర్: కాఫీ అలసట తెలియనివ్వదు, అంతే. పగలు నిద్ర చూసుకోండి. సొంతంగా ఏ మాత్రా వద్దు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ధన్యవాదాలు డాక్టరుగారూ.