అలుగు ఎటు పారుతుంది?

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. మీ కాలనీ పక్కనున్న చెరువు నిండితే అలుగు (మిగులు నీళ్లు బయటికి పొర్లే చోటు) ఎటు పారుతుందో మీలో ఎంతమందికి తెలుసు?

2020 అక్టోబరు 13 రాత్రి దాకా నాకూ తెలియదు. ఆ రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వానకి మా సెల్లార్ మునిగింది, మోటార్లు పోయాయి, కరెంటు పోయింది, వాచ్‌మన్ కుటుంబాన్ని పైకి తీసుకొచ్చి మా హాల్లో పడుకోబెట్టాం. తెల్లారాక వీధిలో ఒక పెద్దాయన అన్నారు, మీ గేటున్న చోటే ఒకప్పుడు కాలువ పారేది బాబూ అని.

మన చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకి చేరతాయి, చివరికి మూసీకి. మధ్యలో కాలువ మీద ఇల్లు కట్టేస్తే నీళ్లు ఆగవు, ఇంట్లోంచి పోతాయి, అంతే. అదే అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువుకి గండి పడి కింద హఫీజ్ బాబానగర్ ఎంత అవస్థ పడిందో చూశాం కదా.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక నిజాం ప్రభుత్వం ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహాతోనే ఎగువన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) వచ్చాయి. ఆయన ఆలోచనలో నాకు బాగా నచ్చేది ఇదే: వరద ఊళ్లోకి రాకముందే అది నిలబడటానికి పైన చోటు చూపించారు. ఖాళీగా ఉంచిన చోటు వృథా కాదని అప్పట్లోనే అర్థం చేసుకున్నారు.

ఇప్పుడు ఆ చోటు ఇంకా ఎక్కువ కావాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అందుకే కుండపోత వానలు ఇంకా గట్టిగా పడుతున్నాయి. నాలాలు వెడల్పు చేస్తున్నారు, మంచిదే, చెయ్యాలి కూడా. కానీ శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, ప్లాట్లయిపోయి, పార్కుల్లో కూడా సిమెంటు పరిచేస్తుంటే ఎంత వెడల్పు నాలా అయినా చాలదు, పైగా ఎండాకాలం అదే సిమెంటు రాత్రంతా సెగ కక్కుతుంది, బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం లైన్లో నిలబడేదీ మనమే.

అందుకే నా మాట ఒక్కటే, కొత్త లేఅవుట్‌కి పర్మిషన్ ఇచ్చేముందు రోడ్డు కన్నా ముందు అలుగు దారి గీయాలి. అది అడగాలంటే ముందు మనకి తెలియాలి. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి మన చెరువు కట్ట మీద కలుద్దాం, అలుగు దగ్గర మొదలుపెట్టి కింది చెరువు దాకా నడుద్దాం, ఎక్కడ దారి మూసుకుపోయిందో ఫోన్లో ఫోటోలు తీద్దాం. ఇంట్లో పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకురండి, పాత కాలువ గుర్తున్నది వాళ్లకే. నాలా పక్కన గాజు పెంకులుంటాయి, బూట్లు వేసుకురండి.